పడిపోయే హక్కు

మా మామూ మీద రాసిన కథ ఒక పత్రిక నుంచి తిరిగొచ్చింది. ఎడిటర్ గారు మంచివాడే. ఉత్తరం ముక్కతో సరిపెట్టకుండా ఫోన్ చేసి మరీ చెప్పారు. "భాయ్, కథ బాగుంది. కానీ అంత మంచి సాయిబు ఇంత చెడ్డవాడు ఎలా అయ్యాడో నమ్మబుద్ధి కావటం లేదు. ఒక పని చెయ్యండి. పేరు సుబ్బారావని మార్చండి, చక్కగా నడిచిపోతుంది. లేదూ, సాయిబే కావాలంటారా, గల్ఫ్ డబ్బో, బయటి నుంచి ఎవరో వచ్చి మనసు విరిచెయ్యటమో పెట్టండి."

అదే కథను మా మసీదు దగ్గర ఒక పెద్దాయనకు చదివి వినిపించాను. ఆయన చాలాసేపు తస్బీ తిప్పుకుంటూ కూచున్నాడు. తర్వాత, "బేటా, బయటివాళ్ళు తిడుతున్నది చాలదా? మనవాణ్ణి మనమే బజారుకీడ్చాలా?" అన్నాడు.

ఒకరికి మా మనిషి చెడిపోవటం నమ్మకం కుదరదు. ఇంకొకరికి నమ్మకమే, కానీ చెప్పకూడదు. ఈ ఇద్దరి మధ్యన మా మామూ నలిగిపోయాడు. ఈ వ్యాసం ఆయన కోసం.

ముందు కథ చెప్పనివ్వండి. 1986 ఆగస్టులో గోదావరి పొంగినప్పుడు నాకు ఏడేళ్ళు. రావులపాలెం చుట్టుపక్కల లంకలు నీళ్ళలో ఉన్నాయి. మామూ ఒక నావ వేసుకుని రెండు రాత్రులు తిరిగాడు. ఇళ్ళ కప్పుల మీద కూచున్నవాళ్ళను ఎక్కించుకొచ్చి గౌతమి గట్టున దించాడు. ఎవరిదే కులమని ఆయన అడగలేదు. ఏ మతమని వాళ్ళూ అడగలేదు. తర్వాత అరటి మార్కెట్లో కమీషన్ కొట్టు పెడితే రైతులు వెతుక్కుంటూ వచ్చారు. వరదలో ముంచనివాడు లెక్కలో ముంచుతాడా అని వాళ్ళ నమ్మకం.

1996 నవంబరు తుఫాను కోనసీమ తోటల్ని నేలమట్టం చేసింది. మళ్ళీ పిలకలు నాటాలంటే రైతుకు డబ్బు కావాలి. మామూ ఇచ్చాడు. వడ్డీ హరాం కనుక వడ్డీ లేకుండా ఇచ్చాడు. ఊరు దండం పెట్టింది. మొదటి ఏడు ఆయనకే నష్టం. రెండో ఏడు, డబ్బు తీసుకున్నవాళ్ళు గెలలు తన కొట్టుకే వెయ్యాలన్నాడు. అందులో అన్యాయమేముంది? మూడో ఏడు, గెల ఇంకా చెట్టు మీద ఉండగానే ధర కట్టటం మొదలుపెట్టాడు. మార్కెట్ ధర కన్నా తక్కువ కట్టాడు. ఎవరైనా గొణిగితే, "నేను వడ్డీ తీసుకోవటం లేదు కదయ్యా!" అనేవాడు. నిజమే, తీసుకోలేదు. ఆ నిజాన్ని పట్టుకునే మునిగిపోయాడు. వడ్డీ వ్యాపారి నూటికి రెండు తీసుకుంటే ఈయన గెల ధరలో నాలుగు కోసుకునేవాడు. ఐదు పూటలా నమాజు చదివేవాడు. అది నటన కాదు.

చివరికి మొగుడు పోయిన ఒకావిడ ఇంటిస్థలం బాకీ కింద రాయించుకున్నాడు. 1986లో ఆయన నావ ఎక్కినావిడే. స్థలం రాసిచ్చి, ఆవిడ ఏడవలేదు. "ఆ రోజు మీరు మమ్మల్ని దించకపోయినా బాగుండేది సాయిబు గారండీ" అని మాత్రం అంది.

ఇదీ కథ. ఇందులో గల్ఫ్ ఎక్కడుంది? పాకిస్తాన్ ఎక్కడుంది? ఒక వరద ఉంది, ఒక తుఫాను ఉంది, అరటి గెల ధర ఉంది, ఒక మనిషి తనకు తాను చెప్పుకున్న జవాబు ఉంది. సుబ్బారావుకైతే ఇవి చాలు. సాయిబుకు ఎందుకు చాలవు?

తెలుగు పాఠకుడికి పతనాన్ని అర్థం చేసుకోవటం రాదని నేననను. ఆ విద్యలో మీకు మీరే సాటి. పద్యనాటకాల కాలం నుంచీ దుర్యోధనుడికి చప్పట్లు కొట్టిన జాతి మనది. 1977లో 'దానవీరశూరకర్ణ' వస్తే జనం థియేటర్లకు విరగబడి చూశారు. మయసభలో అవమానం, ద్రౌపది నవ్వు చూశాక రారాజు చేసే ప్రతి దుర్మార్గాన్నీ తప్పంటూనే, ఆయన కడుపులో రగులుతున్నదేమిటో మనకు తెలుస్తూ ఉంటుంది. కర్ణుడి సంగతి చూడండి. అంగరాజ్యం ఇచ్చి నిలబెట్టిన చేతిని ఆయన వదల్లేకపోయాడు. కృతజ్ఞత గొప్ప గుణం. ఆ గుణమే ఆయన్ను నిండు సభలో ద్రౌపదిని నోరారా అవమానించేదాకా తీసుకుపోయింది.

గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర'లో సీతారామారావును చూడండి. వంశ ప్రతిష్ఠ నిలబెట్టాలన్న తండ్రి మాటే అతన్ని తినేసింది. చెయ్యి చాచినవాడికి లేదనలేని మనిషి చివరికి సొంత ఇంటివాళ్ళ పాలిట కఠినుడయ్యాడు. తెలుగు పాఠకులు దాన్ని గొప్ప నవల అన్నారు. సరిగానే అన్నారు.

మా ఇళ్ళలో చెప్పుకునే కథల్లోనూ ఇదే ఉంది. ఇబ్లీస్ పుట్టుకతో సైతాను కాడు. అప్పట్లో ఆయన పేరు అజాజీల్, ఇబాదత్‌లో అందరినీ మించినవాడు అని మా పెద్దలు చెబుతారు. మట్టితో చేసిన ఆదం ముందు తల వంచమంటే, నిప్పుతో పుట్టిన నేనా, అన్నాడు. అన్నేళ్ళు చేసిన ఇబాదతే ఆయన తలకెక్కింది.

ఈ కథలన్నీ ఒకే సంగతి చెబుతున్నాయి. మంచివాడు చెడిపోవటం నమ్మించాలంటే బయటి నుంచి చెడును తెచ్చి వాడిలో పోయనక్కర్లేదు. ఏ గుణం చూసి వాణ్ణి ప్రేమించామో ఆ గుణమే మెల్లమెల్లగా ఎటు తిరిగిందో చూపాలి. ప్రతి మెట్టు మీదా వాడి దగ్గర ఒక జవాబుండాలి. ఆ జవాబు సగమైనా నిజమై ఉండాలి. వెనక్కి తిరగటానికి ఒకటి రెండు చోట్ల దారి ఉండాలి. ఆ దారి చూసి కూడా వాడు తిరగకపోవాలి. వాడి వల్ల నష్టపోయినవాళ్ళకు కూడా ముఖం ఉండాలి. ఇంతకు మించి రహస్యం లేదు. ఇది మీకందరికీ తెలుసు. సాయిబు దగ్గరికి వచ్చేసరికి మాత్రం మరిచిపోతారు.

ఎందుకు మరిచిపోతారు? తెలుగు సాహిత్యంలో సాయిబుకు రెండే వేషాలున్నాయి గనక. ఒకటి, స్నేహితుడి కోసం ప్రాణమిచ్చే రహీం. రెండు, కత్తి పట్టుకున్న ఖాన్. మొదటివాడు పడడు. రెండోవాడు ఎప్పుడూ నిలబడి లేడు. ఇద్దరి మధ్యన దారి వెయ్యటం ఎవరికీ పట్టలేదు.

మా కోనసీమ వైపు నాటక పోటీలంటే జనానికి ప్రాణం. పోటీల్లో ఉత్తమ ప్రతినాయకుడని ఒక బహుమతి కూడా ఇస్తారు. ఆ బహుమతి అందుకున్న నటుణ్ణి ఎవరినైనా అడగండి. నా పాత్ర ఎందుకలా చేస్తున్నాడో తెలియకపోతే నోట డైలాగు పలకదంటాడు. సాయిబు వేషానికి మాత్రం ఆ బాధ లేదు. గళ్ళ లుంగీ, టోపీ, తప్పుల తెలుగు ఉంటే చాలు. ఈ భాష ఈనాటిది కూడా కాదు. 1897 నాటి 'ప్రతాపరుద్రీయం'లో వేదం వేంకటరాయశాస్త్రి తురకల చేత కలగాపులగం భాష మాట్లాడించారు. పాత్రోచితమన్నారు. ఉచితం కావచ్చు. కానీ నోరు తెరిస్తే నవ్వు పుట్టించేవాడికి విషాదం ఎలా అబ్బుతుంది? నేను ఇంట్లో ఉర్దూ, బజార్లో గోదావరి తెలుగు మాట్లాడతాను. మా మామూ గెలల బేరం మీ అందరికన్నా మంచి తెలుగులో చేసేవాడు. ఆ తెలుగు మాట్లాడే సాయిబు మీ స్టేజీ మీద ఎప్పుడైనా కనిపించాడా?

తెలుగు నాటకానికి చేతకాక కాదు. బళ్ళారి రాఘవకు పేరు తెచ్చిన పాత్రల్లో పఠాన్ రుస్తుం ఒకటి. ఒక పఠాను వేషానికి తన శక్తినంతా పెట్టటం తక్కువతనమని ఆ మహానటుడు అనుకోలేదు. ఆ దారిన తర్వాత ఎంతమంది నడిచారు?

సినిమాకు రండి. 2002లో కృష్ణవంశీ 'ఖడ్గం' వచ్చింది. అందులో ఆటో నడుపుకునే అంజద్ ఉన్నాడు, దేశభక్తుడు. అతని తమ్ముడు తీవ్రవాదుల్లో కలిశాడు. మంచి ముస్లింను చూపించారు కదా, ఇంకేం కావాలి అని మా మిత్రులు నన్నడిగారు. నాకు కావలసింది తమ్ముడి కథ. ఒకే ఇంట్లో, ఒకే తల్లి చేతి అన్నం తిని పెరిగిన ఇద్దరిలో ఒకడు అటెందుకు పోయాడు? మొదటి అబద్ధం ఇంట్లో ఏ రోజున చెప్పాడు? అన్న ముఖం చూడలేక తల దించుకున్న రాత్రి ఏది? ఆ కథ మొత్తం సినిమాకు సరిపోతుంది. అది మాత్రం ఎవరూ తియ్యరు. తమ్ముడు చెడటానికి వాడి పేరే కారణమైపోతుంది. అన్నేమో తాను మంచివాణ్ణని రీలు రీలుకూ రుజువు చేసుకుంటూ ఉండాలి.

రజాకార్ల సంగతి ఎత్తకుండా ఈ మాట పూర్తి కాదు. వాళ్ళ దౌర్జన్యాలను కడిగి పెట్టమని నేననటం లేదు. నా వృత్తికి చెందిన షోయబుల్లాఖాన్‌ను, 'ఇమ్రోజ్' సంపాదకుణ్ణి, రజాకార్లను విమర్శించినందుకు 1948 ఆగస్టులో నరికి చంపారు. చంపినవాళ్ళనూ చచ్చిపోయినవాణ్ణీ పిలిచే భగవంతుడు ఒకడే. నేనడిగేది వేరు. ఖాసిం రజ్వీ లాతూరులో వకీలు. చట్టం చదువుకున్న మనిషి. అలాంటివాడు చట్టం లేని గుంపుకు నాయకుడెలా అయ్యాడు? ఏ భయం, ఏ గర్వం, ఎవరి చప్పట్లు అతన్ని ఒక్కో మెట్టూ దించాయి? ఇది తెలుసుకోవటం అతని కోసం కాదు. రేపు ఇంకో వకీలు, ఇంకో టోపీతోనో తిలకంతోనో అదే మెట్లు దిగుతుంటే గుర్తుపట్టటానికి. పుట్టు రాక్షసుడి కథ ఎవరికీ ఏ హెచ్చరికా చెయ్యదు. 'మనం అలా పుట్టలేదు గదా' అని చూసినవాడు హాయిగా ఇంటికి పోయి నిద్రపోతాడు.

ఇదంతా కథల గొడవే కదా అనకండి. 2007లో మక్కా మసీదులో బాంబు పేలాక హైదరాబాదులో ఎంతోమంది ముస్లిం యువకుల్ని పట్టుకుపోయారు. తర్వాత నిర్దోషులుగా బయటికొచ్చిన వాళ్ళున్నారు. ఇంటర్ చదివే కుర్రవాడు, బండి బాగుచేసే కుర్రవాడు ఉన్నట్టుండి బాంబులు ఎందుకు పెడతాడని అప్పుడు అడిగినవాళ్ళు ఎందరు? ఎడిటర్ గారు మామూ విషయంలో అడిగిన "ఎలా అయ్యాడో నమ్మబుద్ధి కావటం లేదు" అన్న ప్రశ్న ఆ రోజు ఆ పిల్లల విషయంలో అడిగి ఉంటే ఎంత బాగుండేది! గెల ధర దగ్గర కారణం చాలలేదన్నవాళ్ళకు బాంబు దగ్గర కారణమే అక్కర్లేకపోయింది. ఈ అలవాటు ఊరికే రాలేదు. మన కథలూ సినిమాలూ ఏళ్ళ తరబడి చేయించిన అలవాటు ఇది.

ఇక మావాళ్ళతో మాట్లాడాలి. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' వచ్చింది. 1998లో 'జల్‌జలా' వచ్చింది. ద్రోహి ముద్ర మీద, పేదరికం మీద, భయం మీద మేము నోరు విప్పాం. 1992 డిసెంబరు తర్వాత అలా రాయకపోతే బతకలేని స్థితి. అందులో నాకు పశ్చాత్తాపం లేదు. కానీ మన కథల్ని వరసగా పెట్టి చదవండి. అబ్బా మంచివాడు, అమ్మీ ఓర్పుగలది, చెడు ఎప్పుడూ గుమ్మం బయటి నుంచే వస్తుంది. వాళ్ళు మనల్ని రాక్షసుల్ని చేస్తే మనం మనల్ని ఫరిష్తాల్ని చేసుకున్నాం. రెండిట్లోనూ మనిషి లేడు. షాజహానా లాంటి మన ఆడవాళ్ళు ఇంటి లోపలి జులుం గురించి రాసినప్పుడు వాళ్ళ మీదికి లేచింది ఎవరు? "బయటివాళ్ళు చూస్తారు" అన్నది ఎవరు?

పెద్దాయనా, మీ భయం నాకు తెలుసు. నా కథను కత్తిరించి, "చూశారా, సాయిబుల సంగతి" అని పంచేవాళ్ళు ఉంటారు. ఉండనివ్వండి. వాళ్ళు నేను రాయకపోయినా పంచుతారు. కానీ ఆ స్థలం పోగొట్టుకున్నావిడకు మనం ఏం జవాబు చెబుతాం? మా పరువు కోసం నీ కథ దాచేశాం అనా? మామూ కూడా ఇలాగే మొదలుపెట్టాడు. తన మంచిపేరు కాపాడుకోవటానికి జవాబులు తయారు చేసుకుంటూ పోయాడు. జమాత్ మొత్తం అదే పని చేస్తే ఎక్కడ తేలుతుంది?

ఇన్నాళ్ళూ మేము మంచివాళ్ళమని ఒప్పుకోండని అడిగాం. ఇప్పుడు నేనడిగేది పడిపోయే హక్కు. వినటానికి ఇదేం హక్కని నవ్వొస్తుంది. కానీ పడాలంటే ముందు నిలబడి ఉండాలి. నిలబడ్డాడని ఒప్పుకుంటేనే పడ్డాడని రాయగలరు. పడినవాడి లోపల ఏం జరిగిందో రాయాలంటే వాడికీ లోపల అనేదొకటి ఉందని ఒప్పుకోవాలి. మీకు ఇబ్బంది అక్కడే వస్తోంది.

కథలో పేరు నేను మార్చలేదు. గల్ఫ్ కలపలేదు. వరద తియ్యలేదు, స్థలమూ తియ్యలేదు.

మామూ పోయినప్పుడు జనాజాకు ఊరంతా వచ్చింది. నావ గుర్తున్నవాళ్ళు వచ్చారు, గెలల లెక్క గుర్తున్నవాళ్ళు వచ్చారు. కొందరికి రెండూ గుర్తున్నాయి. ఆ స్థలం ఆవిడ ఖబరస్తాన్ గేటు బయట కాసేపు నిలబడి వెళ్ళిపోయింది. వచ్చినవాళ్ళలో ఒక్కడు కూడా, అంత మంచివాడు ఇలా ఎలా అయ్యాడో నమ్మబుద్ధి కావటం లేదని అనలేదు. నావ వేసినవాడూ స్థలం రాయించుకున్నవాడూ ఒకడేనని రావులపాలెం నమ్మింది. తెలుగు సాహిత్యం ఎప్పుడు నమ్ముతుంది?