నాలుగు గంటల దూరం – పద్దెనిమిదేళ్ల తిరుగు ప్రయాణం

శంషాబాద్ విమానాశ్రయం నుండి దుబాయికి ఆకాశమార్గాన సుమారు 2,550 కిలోమీటర్లు. ప్రయాణ సమయం ఇంచుమించు నాలుగు గంటలు. అక్కడి గడియారం మనకంటే గంటన్నర వెనుక నడుస్తుంది కనుక ఉదయం పదింటికి బయలుదేరినవారు అక్కడి కాలమానం ప్రకారం పన్నెండున్నరకే దిగుతారు. జగిత్యాల, కోరుట్లల నుండి రోడ్డుమార్గాన శంషాబాద్ చేరడానికీ దాదాపు అంతే సమయం పడుతుంది. అందుకే మన యువకులకు గల్ఫ్ పొరుగూరిలా కనిపిస్తున్నది.

కాని కార్మికుని దూరం కిలోమీటర్లతో తేలేది కాదు. సిరిసిల్ల జిల్లాకు చెందిన ఐదుగురు కార్మికులు నేపాల్ దేశీయుడైన ఒక వాచ్‌మన్ హత్య కేసులో దుబాయి జైలులో 18 సంవత్సరాలు గడిపి, 2024 ఫిబ్రవరిలో ఇల్లు చేరారు. హతుని వారసులు పరిహారం స్వీకరించి క్షమించే దియత్ మార్గం షరీఅత్‌లో ఉన్నదని మన పాఠకులకు తెలుసు. 2011లో సిరిసిల్ల శాసనసభ్యులు కె.టి.రామారావు నేపాల్ వెళ్లి, హతుని కుటుంబానికి రూ.15 లక్షలు అందజేశారు. ఆ కుటుంబం క్షమాపత్రం ఇచ్చింది. అయినా విడుదలకు మరో పన్నెండేళ్లు పట్టింది. ఆ ఐదు ఇళ్ల నిరీక్షణ ఏ మతానికి చెందినదని అడగగలం? రేపు అదే కష్టం మన గడపకూ రావచ్చు.

పరదేశంలో చిక్కినవానికి ఆసరా కాగితమే. ఆ కాగితం ఇక్కడే, విమానం ఎక్కకముందే సమకూరాలి. పదో తరగతి పూర్తిచేయనివారు గల్ఫ్‌కు ఉద్యోగార్థం వెళ్లాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తప్పనిసరి. ఆ మార్గాన వెళ్లేవారికి ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉన్నది. రెండేళ్లకు ప్రీమియం రూ.275 మాత్రమే; ప్రమాదవశాత్తు మరణించినా, శాశ్వత వైకల్యం కలిగినా రూ.10 లక్షలు లభిస్తాయి. దళారి మాట విని విజిట్ వీసాపై పనికి వెళ్లినవానికి ఈ రక్షణ ఉండదు. యజమాని జీతం ఎగ్గొడితే చూపడానికి ఒప్పందపత్రమూ ఉండదు. లైసెన్సు గల ఏజెంటు తీసుకోదగిన సేవారుసుము, జి.ఎస్.టి. కాక, రూ.30,000 మించరాదు. అంతకు ఎన్నో రెట్లు, రసీదు లేకుండా, అప్పు తెచ్చి చెల్లిస్తున్న కుటుంబాలు మన మధ్యనే ఉన్నాయి. అప్పు లావాదేవీలను సాక్షుల సమక్షంలో రాసుకోమన్న దివ్యఖుర్‌ఆన్ ఆదేశాన్ని మనం ఈ ఒక్క విషయంలోనే ఎందుకు మరచిపోతున్నాము?

ప్రభుత్వాన్ని మేము కోరేది ఒక్కటే. జగిత్యాల, సిరిసిల్ల జిల్లాల న్యాయసేవాధికార సంస్థలలో గల్ఫ్ కేసులకు ప్రత్యేక విభాగం ఏర్పరచాలి. జైలులో ఉన్నవాని తల్లి రాజధాని చుట్టూ తిరగవలసిన అవసరం ఉండరాదు. మస్జిద్ కమిటీలూ తమవంతు బాధ్యత వహించాలి. జుమా నమాజు తరువాత ఒక గంట కేటాయించి, ప్రయాణానికి సిద్ధమైన ప్రతివాని వీసా, ఒప్పందం, రసీదు పరిశీలించి, నకళ్లు ఇంట్లో ఉంచేలా చూడాలి. చదువుకొన్న ఇద్దరు యువకులుంటే చాలు, ఈ పని సాగుతుంది. ముస్లిం అయినా, ముస్లిమేతరుడైనా, వచ్చిన ప్రతివానికీ ఆ తలుపు తెరిచి ఉండాలి.