బల్లకు బిగించిన ఇత్తడి రేకు

అమెరికా అధ్యక్షుడు సంతకాలు పెడుతున్న ఫొటోల్లో ఆయన ముందుండే బరువైన బల్ల ఒకప్పుడు ఓడ. పేరు రిజల్యూట్. 1845లో ఉత్తర ధ్రువ సముద్రాల్లోకి వెళ్లి జాడ లేకుండా పోయిన ఫ్రాంక్లిన్ బృందాన్ని, 129 మందిని, వెతకడానికి బ్రిటన్ పంపిన ఓడల్లో అదొకటి. అదీ మంచులో బిగుసుకుపోయింది. 1854 మేలో సిబ్బంది దాన్ని వదిలేశారు. మనిషన్నవాడు లేని ఓడ వెయ్యి మైళ్లకు పైగా కొట్టుకొచ్చి, మరుసటి ఏడు తిమింగలాల వేటకెళ్లిన అమెరికన్ కెప్టెన్ బడింగ్టన్ కంటపడింది. అమెరికా దాన్ని కొని, బాగుచేయించి, 1856లో విక్టోరియా రాణికి అప్పగించింది. తర్వాత ఓడను విప్పేసినప్పుడు, దాని ఓక్ కలపతో బల్ల చేయించి రాణి 1880లో అధ్యక్షుడు హేస్‌కు పంపింది.

ఈ కథ సారమంతా బల్లకు బిగించిన ఇత్తడి రేకు మీద ఉంది. ఓడను వదిలేసిన చోటి అక్షాంశ రేఖాంశాలతో సహా! ఆ రేకు లేకపోతే అది మంచి నగిషీ ఉన్న బల్ల, అంతే.

హైదరాబాద్ బోరబండలో కూర్చుని ఈ మాట రాయడానికి కారణం ఉంది. హైటెక్ సిటీ పెరిగేకొద్దీ చుట్టుపక్కల పాత ఇళ్లు పడిపోతున్నాయి. వాటి టేకు తలుపులు, దూలాలు వడ్రంగుల చేతికొచ్చి డైనింగ్ టేబుళ్లవుతున్నాయి. చిత్రిక పడుతుంటే నీలం రంగు కింద ఆకుపచ్చ, దాని కింద సున్నం. మేకు దిగినచోట నల్లటి మచ్చ. గడప ముక్కైతే చీలికల్లో ఇంకా పసుపే. ఇంకో రెండు పట్లు పట్టేసరికి అన్నీ పోయి కొత్త చెక్క తేలుతుంది. అది ఏ ఊరి గడపో కొన్నవాళ్లకు తెలియదు. ఇది నిజంగా బాధ కలిగిస్తుంది.

రిజల్యూట్ లాంటి ధ్రువయాత్రలు మనకూ ఉన్నాయి. 1982 జనవరి 9న సముద్ర శాస్త్రవేత్త ఖాసిం నాయకత్వంలో మొదటి భారత బృందం అంటార్కిటికాలో దిగింది. తర్వాతి యాత్రల్లో మన హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ (ఎన్‌జీఆర్ఐ) శాస్త్రవేత్తలూ పాల్గొన్నారు. మన తొలి స్థావరం దక్షిణ గంగోత్రిని మంచు కప్పేసింది. అంటార్కిటికా వెళ్లొచ్చిన సామాన్ల పెట్టె ఏ ఇంట్లోనైనా ఉంటే, పాత ఇనుముకు వేయకముందే దానికో రేకు బిగించండి.

రిజల్యూట్ రేకు మీద కెప్టెన్ పేరుంది, రాణి ప్రస్తావన ఉంది. చాథమ్ ఓడల కార్ఖానాలో ఆ బల్ల చేసిన వడ్రంగి విలియం ఎవెండెన్ పేరు మాత్రం లేదు. బోరబండలో చేయించే బల్లకు ఊరు, ఇంటిపేరు, ఇల్లు పడగొట్టిన సంవత్సరం రాయించండి. వాటి పక్కనే వడ్రంగి పేరు, అదే సైజు అక్షరాల్లో.