గృహిణికి నాలుగు మాటలు: కడచీల చూచితిరా?

మన అవ్వలు బండి కట్టించుకొని ప్రయాణమగునపుడు చేసెడి పని యొకటి నాకు జ్ఞాపకము వచ్చుచున్నది. మూటలు సర్దుట, పిల్లలను లెక్కపెట్టుట ముగిసిన పిదప వారు బండిచుట్టు ఒకమారు తిరిగి, "కడచీల సరిగా నున్నదా? ఇరుసుకు కందెన వేసితివా?" యని బండివానిని అడిగెడివారు. కడచీల జానెడైన లేని యినుపముక్క. అది యూడినచో చక్రము జారిపోవును. చక్రము జారినచో బండిలోని వారి గతి వేరుగ చెప్పనక్కరలేదు. అవ్వలకు బండి తోలుట రాదు. ఐనను ఆ ప్రశ్న యడుగుట తమ ధర్మమని వారెరుగుదురు.

నేడు ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతములలో ఎద్దుబండి స్థానమును ట్రాక్టరు ఆక్రమించినది. ట్రాక్టరునకు వెనుక తగిలించు ఇనుపతొట్టిని మనవారు ట్రక్కు అందురు. సోమశిల నీటితో పండిన ధాన్యమును ఇంటికి చేర్చునది అదియే. వరిగడ్డి వాములకు తోలునది అదియే. నాట్లకును కోతలకును పోవు స్త్రీలు అందులోనే కూర్చుందురు. పెండ్లివారు అందులోనే తరలుదురు. ఘటికసిద్ధేశ్వరమునకు, పెంచలకోనకు మ్రొక్కులు తీర్చుకొనబోవు కుటుంబములును పెక్కుసారులు దానినే ఆశ్రయించును. ఇన్ని పనులకు అక్కరకు వచ్చు ఈ బండిని గూర్చి మనము అడుగు ప్రశ్న "ఎన్ని గంటలకు బయలుదేరుదురు?" అను నొక్కటియే. కడచీల మాట మరచితిమి.

మరచుటవలన కలుగు ఫలము నేను కన్నులార చూచితిని. కొన్నియేండ్ల క్రిందట ఆత్మకూరునుండి ఉదయగిరి దిక్కున నున్న యొక గ్రామమునకు పెండ్లికి పోవుచు పదునెనిమిదిమందిమి ఒక ట్రక్కులో కూర్చుంటిమి. ఒక వాగు దాటి గట్టు ఎక్కుచుండగా ఫెళ్లున చప్పుడైనది. ట్రాక్టరు ముందుకు పోయినది; మేము వెనుకకు జారితిమి. ట్రక్కును తగిలించెడి పిన్ను ఎక్కడనో పోగా, దానికి మారుగా ఒక పాత బోల్టును గ్రుచ్చి తీగతో కట్టియుండిరి. ఆ బోల్టు తెగినది. కాపాడుటకు గొలుసు లేదు. దైవకృపచే ట్రక్కు గట్టుకు తగిలి నిలిచినది గాని, ఒక బాలికకు చేయి విరిగినది. ఒక ముసలమ్మ నాటినుండి నడుము వంచలేకపోయినది. అందరును తోలువానిని నిందించిరి. అయితే బయలుదేరునపుడు ఆ బోల్టును చూచినవారము ముగ్గురము స్త్రీలము, వారిలో నేనొకతెను. "మగవారి పనిలో మనకేల?" యని యూరకుంటిని. ఆ యూరకుండుటయే ఈ వ్యాసమునకు కారణము.

ముందుగా ఒక్క సంగతి మనసున నుంచుకొనుడు. బరువును లాగుట కంటె నిలుపుట కష్టము. ట్రాక్టరు బరువు సామాన్యముగా రెండు టన్నుల చుట్టుప్రక్కల నుండును. నిండు ధాన్యముతోనున్న ట్రక్కు దానికి రెండింతలకు పైగా తూగవచ్చును. పైగా మన పల్లెలలోని ట్రక్కులలో పెక్కింటికి తమ బ్రేకు లేదు. ముందున్న ట్రాక్టరు బ్రేకే రెంటిని ఆపవలెను. వేగము రెండింతలైనచో బ్రేకు వేసిన పిమ్మట బండి దొర్లు దూరము నాలుగింతలగును. గంటకు 20 కిలోమీటర్ల వేగమున అయిదు బారలలో నిలుచు బండి, 40 కిలోమీటర్ల వేగమున నిలుచుటకు ఇరువది బారలు కావలెను. తోలువాడు ఎంత నేర్పరియైనను ఈ లెక్కను తప్పించుకొనజాలడు.

ఇక అడుగవలసిన ప్రశ్నలు నాలుగు.

మొదటిది తగులును గూర్చి. పిన్ను దానికై చేసినదేనా, అరిగియున్నదా, అది పైకి లేచి రాకుండ అడుగున చిన్న సీల వేసిరా యని చూడవలెను. పిన్నుతోపాటు ఒక గట్టి గొలుసు ట్రాక్టరును ట్రక్కును కలిపియుండవలెను. పిన్ను తెగిననాడు ప్రాణములు కాపాడునది గొలుసే.

రెండవది బ్రేకును గూర్చి. ట్రాక్టరునకు కుడిచక్రమునకు ఒకటి, ఎడమచక్రమునకు ఒకటిగా రెండు బ్రేకు పెడళ్లు ఉండును. పొలములో మలుపు తిరుగుటకు ఒక్కదానినే త్రొక్కుదురు. రోడ్డు మీదికి వచ్చినంతనే రెంటిని కలుపు కొక్కెము వేయవలెను. అది మరచి ఒక్కదానిని త్రొక్కినచో, ఒక ప్రక్క చక్రము మాత్రము నిలిచి ట్రాక్టరు గిఱ్ఱున తిరిగి బోల్తాపడును. దీనితో చేరిన దురభ్యాస మింకొకటి గలదు. డీజిలు మిగులునని పల్లమునందు గేరు తీసివేసి బండిని దొర్లించుదురు. గేరులో నున్నంతకాలము యింజనే బండిని వెనుకకు పట్టియుంచును. గేరు తీసినచో భారమంతయు బ్రేకులపై పడి, అవి కాగి, పట్టు తప్పును. ఆత్మకూరునుండి బద్వేలుకు పోవు మార్గము వెలిగొండలను దాటునది. అట్టి చోట ఏ గేరులో ఎక్కుదురో ఆ గేరులోనే దిగుట క్షేమము.

మూడవది చక్రములను గూర్చి. కోతలైన పిదప ట్రక్కు నెలల తరబడి ఎండలో పడియుండును. టైరు ప్రక్కలందు బీటలు వారును, గాలి దిగును, ఇరుసులోని గ్రీజు ఎండును. టైరు గాలిని బండి నడువక ముందే, చల్లగా నున్నపుడు చూపింపవలెను. చక్రపు నట్లు బిగువుగా నున్నవో లేదో ప్రయాణమునకు ముందు స్పానరుతో పరీక్షింపవలెను. కొంతదూరము పోయి ఆగినపుడు చక్రముల నడిమి భాగములకు చేయి దగ్గరగా పెట్టి చూడుడు. ఒక్కటి తక్కినవానికంటె మిక్కిలి వేడిగా నున్నచో లోపలి బేరింగు చెడుచున్నదని గ్రహింపవలెను. కందెన యడిగిన అవ్వకు ఈ పరీక్ష నేర్పనక్కరలేదు!

నాలుగవది దీపములను గూర్చి. గడ్డి మోపులు వ్రేలాడి వెనుకదీపములను కప్పివేయును. దీపములు లేని ట్రక్కు రాత్రి రోడ్డు ప్రక్కన నిలిచియున్నచో, వెనుక వచ్చు మోటారుసైకిలువానికి అది దగ్గరకు వచ్చువరకు కనబడదు. వెలుతురు పడగానే మెరయు ఎఱ్ఱని పట్టీలు స్వల్పవెలకు దొరకును. మీ ఇంటి ట్రక్కునకు వానిని మీ చేతులతో అంటించుడు. ఆ మెరుపు ఎవరి బిడ్డను ఇంటికి చేర్చునో!

ఇవన్నియు సరిగా నున్నను అయిదవ ప్రశ్న యొకటి మిగిలియున్నది: ఇందులో మనుష్యులు కూర్చుండదగునా?

ఇచ్చట అమెరికా సంగతి యొకటి వినదగియున్నది. 1914లో డెట్రాయిట్ నగరమున ఆగస్ట్ ఫ్రూహాఫ్ అను కమ్మరిని సిబ్లీ యను కలపవర్తకుడు తన విహారనౌకను ఫోర్డు కారు వెనుక తగిలించి తీసికొనిపోవుటకు ఒక బండి చేసి యిమ్మని కోరెను. నేడు లోకమంతట సరకు మోయు పెద్ద ట్రైలరు లారీల వంశము అట్లు వినోదయాత్రతో ఆరంభమైనది. ఇప్పుడు ఆ దేశమున మంచములు, వంటగది, స్నానపుగది గల ఇండ్లవంటి బండ్లను బలమైన ట్రక్కులకు తగిలించుకొని కుటుంబములు విహరించును. అట్టి బరువుబండ్లకు వేరుగ బ్రేకులుండును, గొలుసులుండును, తగులు ఊడినచో తమంతట తామే బ్రేకులు పడు ఏర్పాటుండును. అయినను పెక్కు రాష్ట్రములలో అట్టి యింటిబండి కదలుచుండగా దానిలో మనుష్యులు కూర్చుండుట నిషిద్ధము. పరుపులున్న బండిలోనే కూడదన్నచో, బ్రేకైన లేని మన యినుపతొట్టి మాట యేమనవలెను?

ధర్మశాస్త్రమేకాదు, ధనశాస్త్రమును ఇదే చెప్పుచున్నది. ట్రక్కు సరకుబండి. సరకుబండిలో ఉచితముగా ఎక్కినవారికి నష్టపరిహారము చెల్లించు బాధ్యత బీమాసంస్థకు లేదని 2002లో మన సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పినది. అనగా ఆపద వచ్చిననాడు ఆ భారము బండి యజమానిపై పడును. అతడు మన బావయో, మేనమామయో యగును. ఒక ప్రమాదమున ఒక యిల్లు గాయపడగా రెండవ యిల్లు అప్పులపాలగును. బంధుత్వము న్యాయస్థానపు మెట్లెక్కును.

వేరు మార్గము లేదా? ఆత్మకూరునను ఉదయగిరిలోను ఆర్టీసీ డిపోలు గలవు. పెండ్లిండ్లకు బస్సులు అద్దెకు దొరకును. 2025 ఆగస్టు 15వ తేదీన స్త్రీశక్తి పథకము ఆరంభమైనప్పటినుండి పల్లెవెలుగు మొదలగు బస్సులలో మన రాష్ట్రపు స్త్రీలకు టికెట్టు ఖర్చు లేదు. పదిమంది కలిసి ముందుగా తలచుకొన్నచో చాల ప్రయాణములకు ట్రక్కు అక్కరయే యుండదు. బస్సు పోని పొలములకు పోవు కూలి సోదరీమణుల కష్టము వేరు. వారిని పిలిపించుకొను ఇల్లాండ్రు, కూలి మాటాడునాడే ఆటో మాటకూడ మాటాడి, ఆ ఖర్చును ఖాతాలో వ్రాసికొనుట న్యాయము.

సోదరీమణులారా! మీరు ట్రాక్టరు తోలుట నేర్వవలెనని నేను చెప్పుటలేదు, నేర్చినను సంతోషమే. ధాన్యము తెచ్చుటకు ట్రక్కు వాకిట నిలిచిననాడు, కాఫీ గ్లాసు అందించుచు, "నాయనా! పిన్ను, గొలుసు చూచితివా? బ్రేకు కొక్కెము వేసితివా?" యని యొక్కమాట అడుగుడు. ఆతడు మొదట నవ్వవచ్చును. రెండవమారు, మీరు అడుగుదురని తానే ముందుగా చూచుకొని వచ్చును.