రెండు సూదులా, ఒక కొక్కెమా?



హైదరాబాదులోని తార్నాకలో ఒక ఇంట జరుగు విద్యార్థుల ప్రార్థన కూటమునకు మేము అప్పుడప్పుడు వెళ్లుచుందుము. అక్కడికి దగ్గరలోనే 1918లో స్థాపింపబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయము గనుక, అనేక జిల్లాల నుండి చదువుకొన వచ్చిన యౌవనస్థులు అందులో కూడుకొందురు. పరీక్షలను గూర్చి, ఉద్యోగములను గూర్చి, వివాహములను గూర్చి మమ్మును అడుగుచుందురు. ఈ మధ్య ఒక సహోదరి అడిగిన ప్రశ్న చిన్నదే గాని మమ్మును చాలా ఆలోచింపజేసినది.

"అయ్యగారూ, సాయంత్రమైతే చాలు, చెయ్యి ఫోను మీదకే పోతోంది. చేతికి వేరే పని ఏదైనా నేర్పాలనుకుంటున్నాను. నిట్టింగు నేర్చుకోమంటారా, క్రోషియా నేర్చుకోమంటారా?"

ఇట్టి ప్రశ్న మన గ్రామములలోని ఆడపిల్లలకును వచ్చునదే. గనుక ఈ పని బాగుగా తెలిసిన సంఘ సహోదరీలను అడిగి, తెలిసికొన్న సంగతులను ఇక్కడ వ్రాయుచున్నాము.

మొదట రెండింటికిని గల భేదము తెలిసికొందము. రెండును దారముతో ఉచ్చు వేసి, ఆ ఉచ్చులో నుండి మరియొక ఉచ్చు లాగుచు గుడ్డను తయారుచేయు పనులే. మగ్గము మీద వలె పడుగు, పేక ఉండవు. నిట్టింగుకు రెండు పొడవైన సూదులు కావలెను. వరుసలోని ఉచ్చులన్నియు ఒకేసారి సూది మీద నిలిచియుండును. 40 ఉచ్చుల వెడల్పు గల మఫ్లరు అల్లుచున్న యెడల ఆ 40 ఉచ్చులును సూది మీదనే ఉండవలెను. వాటిలో ఒకటి జారినచో దాని క్రిందిది, ఆ క్రిందిది, నిచ్చెన మెట్ల వలె విడిపోవును. క్రోషియాకు చివర చిన్న కొక్కెము గల సూది ఒక్కటే చాలును. సాధారణముగా విడిపోగల ఉచ్చు ఒక్కటే ఉండును. వెనుక అల్లినదంతయు ముడిపడి నిలిచిపోవును. తప్పు వచ్చినచో దారము లాగి, తప్పు జరిగిన చోటు వరకు విప్పి, మరల మొదలుపెట్టవచ్చును. అందుచేత కొత్తగా నేర్చుకొనువారికి క్రోషియాలో భయము తక్కువ.

గుడ్డలో కూడ భేదము కలదు. నిట్టింగు గుడ్డ సాగును, మరల దగ్గరకు వచ్చును. శరీరమునకు అమరవలసిన స్వెట్టరు, మేజోళ్లు, చంటిబిడ్డ టోపీ, ఇవన్నియు దానితో చక్కగా వచ్చును. మన పురుషులు తొడుగుకొను బనియను గుడ్డ కూడ యంత్రము మీద అల్లిన నిట్టింగే. దానిని కొంచెము సాగదీసి దగ్గరగా చూచినచో వరుసగా ఉచ్చులు కనబడును. క్రోషియా అంతగా సాగదు. లావు దారముతో అల్లినచో మందముగా, గట్టిగా ఉండును. సన్నని నూలుతో అల్లినచో గాలి ఆడు జాలీ పని అగును. బల్ల గుడ్డలకు, దిండు గలీబుల అంచులకు, జాకెట్టు చేతులకు అది అందము. అయితే అంతే కొలత గుడ్డకు సాధారణముగా నిట్టింగు కంటె క్రోషియాకే దారము ఎక్కువ పట్టును.

ఇక మన ఎండల మాట. తార్నాకలో చలి అన్నది డిసెంబరు, జనవరి నెలల మాటే. ఏప్రిల్, మే నెలలలో ఊలు ఒడిలో పెట్టుకొని కూర్చుండిన యెడల అరచేయి చెమటకు ఊలు సూది మీద కదలదు. నూలు దారముతో కూడ నిట్టింగు చేయవచ్చును గాని, నూలు ఊలు వలె సాగదు గనుక కొత్త చేతికి కొంచెము కష్టము. క్రోషియాకైతే నూలు దారము సహజముగా కుదురును. సూది ఒకటి, ఉండ ఒకటి చేతిసంచిలో పట్టును. బస్సు కొరకు నిలిచినప్పుడు ఒక వరుస అల్లి, బస్సు రాగానే ఉన్నచోటనే ఆపవచ్చును.

ఇంతవరకు చెప్పినది చేతికి సంబంధించిన సంగతి. హృదయమునకు సంబంధించిన సంగతి వేరొకటి కలదు.

1589లో ఇంగ్లాండులో విలియం లీ అను ఆయన మేజోళ్లు అల్లు యంత్రమును కనిపెట్టెను. ఆ దారిలోనే నేడు స్వెట్టర్లు, బనియన్లు యంత్రముల మీద కుప్పలుగా వచ్చుచున్నవి. క్రోషియాకు అట్లు జరుగలేదు. క్రోషియా వలె కనబడు లేసును యంత్రములు తయారుచేయుచున్నవి గాని, నిజమైన క్రోషియా నేటికిని ఎవరో ఒకరి చేతి పనియే. అంగడిలో మీరు నిజమైన క్రోషియా వస్త్రము చూచినచో, అది ఎంత చవుకగా ఉన్నను, దాని వెనుక ఒక మనిషి కూర్చుండి గంటలు గడిపియున్నదని ఎరుగుడి.

ఈ పని బీదలకు అన్నము పెట్టిన చరిత్ర కూడ కలదు. ఐర్లండులో 1845 మొదలుకొని 1849 వరకు బంగాళాదుంప పంట కుళ్లి గొప్ప కరవు వచ్చినప్పుడు అనేక కుటుంబములు క్రోషియా లేసు అల్లి అమ్ముకొని బ్రదికినవి. మన గోదావరి డెల్టాలో 19వ శతాబ్దమున మిషనరీ కుటుంబముల స్త్రీలు ఈ పనిని నేర్పిరి. 1844లో మక్రే అను స్కాట్లాండు దంపతులు ప్రారంభించిరని నర్సాపురము వారు చెప్పుకొందురు. అక్కడ నుండి అది సంఘముల హద్దులు దాటి, చుట్టుపట్ల గ్రామములలో అనేక కులముల స్త్రీల చేతులలోనికి వెళ్లెను. ఆ లేసు సముద్రములు దాటి విదేశములకు పోయెను. 2024లో నర్సాపురము క్రోషియా లేసుకు భౌగోళిక గుర్తింపు లభించినది.

అయితే ఆ స్త్రీల చేతికి వచ్చినది ఎంత? మరియా మీస్ అను జర్మనీ దేశపు పరిశోధకురాలు నర్సాపురము ప్రాంతమునకు వచ్చి, లేసు అల్లు స్త్రీలతో మాటలాడి, 1982లో ఒక పుస్తకము ప్రచురించెను. అందులో ఆమె చూపిన ముఖ్య సంగతి ఇది. ఈ స్త్రీలు రోజుకు అనేక గంటలు అల్లుచున్నను, వారిని పనివారని ఎవరును అనలేదు. ఇంటిలో కూర్చుండి తీరిక వేళ చేసికొను పని గదా అన్నారు. ఆ మాట చేతనే కూలి తగ్గెను. తీరిక వేళ పనికి న్యాయమైన కూలి ఎందుకు అని దళారి అనగలడు, భర్త అనగలడు, చివరకు ఆమెయే అనుకొనగలదు. కాలక్షేపము అను ఒక్క మాట ఎంత అన్యాయమును కప్పగలదో చూడుడి.

తార్నాక కూటములో ప్రశ్న వచ్చినప్పుడు ఒక మూల గోదావరి ప్రాంతపు అమ్మాయి కూర్చుండియున్నది. అందరును వెళ్లిన తరువాత ఆమె మాతో ఇట్లనెను: "నాకు క్రోషియా వచ్చండి. ఆరో తరగతి నుంచీ అల్లుతున్నాను. హాస్టల్లో ఎవరికీ చెప్పలేదు. చెబితే సరదాగా నేర్పమంటారు. మా అమ్మకు అది సరదా కాదండి. అమ్మ అల్లిన లేసు డబ్బులతోనే నా మొదటి సంవత్సరం ఫీజు కట్టాం."

ఆ బిడ్డ మాటకు మేము వెంటనే ఏమియు చెప్పలేకపోతిమి. ఒకరికి సరదా అయినది మరియొకరికి కూలి. ఒకరు మనస్సు నెమ్మది కొరకు పట్టుకొను సూదినే మరియొకరు బియ్యము కొరకు పట్టుకొందురు. ఈ రెండును ఒకే హాస్టలు గదిలో, ప్రక్కప్రక్క మంచముల మీద ఉండవచ్చును.

గనుక మా జవాబు ఇది. మన ప్రాంతములో ఉండువారు క్రోషియాతోనే ప్రారంభించుట మేలు. సులభమని మాత్రమే కాదు. తన చేతితో జానెడు లేసు అల్లినవారికి జానెడు లేసు విలువ తెలియును. ఎన్ని గంటలు పట్టినదో గడియారము చూచి వ్రాసికొనుడి. తరువాత ఎప్పుడైనను అల్లిన బల్ల గుడ్డ కొనబోయి బేరమాడవలెనని నోరు తెరచినప్పుడు ఆ లెక్క జ్ఞాపకము వచ్చును. పనివాని కూలిని బిగబట్టరాదని మోషే ధర్మశాస్త్రమే చెప్పుచున్నది. అంగడిలో మనము గీచి గీచి ఆడు బేరము కూడ కొన్నిసార్లు అట్టిదే. మరియొక మాట. మీరు సరదాకు అల్లినదానిని బంధువులకు, స్నేహితులకు ఇయ్యుడి. అమ్మదలచినచో మాత్రము, నాకు డబ్బు అవసరము లేదు గదా అని అతి తక్కువ ధరకు అమ్మవద్దు. అదే పనితో బ్రదుకువారి ధర కూడ దానితో పడిపోవును. నేర్పుటకు మీ మధ్య లేసు తెలిసిన అమ్మాయి ఉన్నచో, ఆమెను గురువుగా ఎంచి, ఆమె సమయమునకు తగిన ప్రతిఫలము ఇచ్చి నేర్చుకొనుడి.

నిట్టింగు ఎవరికి? ఇంటిలో చంటిబిడ్డ రాబోవుచున్నను, చలి దేశమునకో ఢిల్లీ వంటి పట్టణమునకో చదువుకు వెళ్లబోవుచున్నను, ఇంటిలో ఆ పని తెలిసిన అమ్మమ్మ ఉన్నను, నిట్టింగే నేర్చుకొనుడి. ఆ అమ్మమ్మ ప్రక్కన కూర్చుండుటకు అది మంచి కారణము. మగపిల్లలు నవ్వనక్కరలేదు. పెరూ దేశములో టకీలే అను ద్వీపమున పురుషులే టోపీలు అల్లుదురు. ఆ ద్వీపపు నేత, అల్లిక పనులను 2005లో యునెస్కో మానవజాతి మౌఖిక, అమూర్త వారసత్వపు మేటి కృతులలో ఒకటిగా ప్రకటించినది.

ప్రారంభించువారికి కొన్ని సూచనలు. నల్ల దారము, మరీ సన్నని దారము వద్దు. లేత రంగు గల మధ్యరకపు నూలు తీసికొనుడి, కుట్లు కనబడును. మొదటి వారము గొలుసు కుట్టు ఒక్కటే అల్లుడి. తరువాత అరచేయంత చదరపు ముక్క ఒకటి అల్లి వంటింటిలో వాడుకొనుడి. నిట్టింగైతే 30 ఉచ్చులు వేసి, ఒకే కుట్టుతో పొడవుగా మఫ్లరు అల్లుడి. మంచి వెలుతురులో కూర్చుండుడి. అరగంటకొకసారి సూది దించి, వ్రేళ్లు చాపి, దూరమునకు చూడుడి. ఒక నెల చేసిన తరువాత మనస్సు దానిమీద నిలువకపోయినచో మానివేయుటలో సిగ్గు లేదు.

యొప్పేలో దొర్కా చనిపోయినప్పుడు విధవరాండ్రు పేతురుకు చూపినవి ఆమె కుట్టిన వస్త్రములే. ఆమె వాటిని ఎవరి కొరకు కుట్టెనో అక్కడ నిలిచి ఏడ్చుచున్న వారిని చూచినచో తెలియును. మీరును సూది పట్టుటకు ముందు ఇది ఎవరి కొరకు అని ఒకసారి ఆలోచించుకొనుడి. రెండు సూదులా, ఒక కొక్కెమా అన్నది దానినిబట్టి సగము తేలిపోవును.