ప్రింటర్ పలక్కపోతే తిట్లు లినక్సుకా?

"మాక్‌లో ప్రింటర్ తగిలిస్తే చాలు, పనిచేస్తుంది. లినక్సులో మాత్రం నరకం." మన ఆఫీసుల్లో ఈ మాట అననివాడు పాపి. నేను మాత్రం ఒప్పుకోను. రెండింటి కిందా ఉన్నది ఒకటే సరుకు: కప్స్. మైకేల్ స్వీట్ మొదలెట్టిన ఆ వ్యవస్థని యాపిల్ 2002లో మాక్‌లో పెట్టుకుంది, 2007లో కోడ్ కూడా కొనేసింది. ఇంజను ఒకటే అయినప్పుడు తేడా ఎక్కడొచ్చిందండీ?

డ్రైవర్లో. మాక్‌కి ఒళ్ళు దగ్గర పెట్టుకుని డ్రైవర్ రాసే కంపెనీవాడే లినక్సుకి సోర్సు లేని బైనరీ ఒకటి మన మొహాన పడేస్తాడు. మనం దాన్ని రూట్‌గా ఎక్కించేస్తాం! రెండేళ్ళకి డిస్ట్రో మారుతుంది, వాడా మోడల్ని వదిలేస్తాడు, తిట్లు లినక్సుకి. 1980 ప్రాంతంలో ఎమ్ఐటీలో స్టాల్‌మన్‌కి మండింది కూడా ప్రింటర్ సోర్సు ఇవ్వలేదనే.

ఇప్పుడా తిప్పలు అక్కర్లేదు. 2013లో ఐపీపీ ఎవ్రీవేర్ ప్రమాణం వచ్చింది. కాగితం సైజు, రంగు, రెండువైపులా వెయ్యగలదా లేదా, అన్నీ ప్రింటరే చెప్పేస్తుంది. ఎల్‌పీఅడ్మిన్‌కి ప్రింటర్ చిరునామా ఇచ్చి, మోడల్ దగ్గర 'ఎవ్రీవేర్' అంటే సరి.

పాత ప్రింటర్ల మాటేమిటంటారా? వాటికి డ్రైవర్ కావాల్సిందే. నా గొడవంతా కొత్తవాటి గురించే. ఐపీపీ ఎవ్రీవేరో, ఎయిర్‌ప్రింటో ఉందని రాసిలేని ప్రింటర్ కొనకండి, ఆఫీసులో కొననివ్వకండి. కోడ్ రివ్యూలో ఒక స్పేసు ఎక్కువైతే రభస చేసే మనం, సోర్సు లేని బైనరీని మాత్రం రూట్‌గా కళ్ళు మూసుకుని ఎలా ఎక్కిస్తున్నాం?