మంచు కింద పైరు

పిల్లలూ, పంజాబు రైతు కార్తీకమాసంలో గోధుమ విత్తి, చైత్రం వెళ్ళేసరికి కోసుకుంటాడు. అయిదారు నెలల పని. కాని కెనడాలోను, రష్యాలోను, అమెరికా ఉత్తరభాగంలోను ఇంకొక రకం గోధుమ వున్నది. దానిని సెప్టెంబరులో విత్తితే, కోత మరుసటి సంవత్సరం జులైలో. నడుమ కొన్ని నెలలపాటు అది మంచు కింద పడి వుంటుంది. చావదా అంటే, చావదు.

ఎందుకు చావదో చూడండి. ఈ మొక్క ప్రాణమంతా మొదట్లో వుంటుంది. ఆ మొదలు నేలలో అంగుళం లోతున దాగి వుంటుంది గనుక, పైన ఆకులు మాడినా మళ్ళీ చిగురిస్తుంది. చలి నెమ్మదిగా ముదిరేకొద్దీ మొక్క తన కణాలలో నీరు తగ్గించి, చక్కెర పెంచుకుంటుంది. చక్కెరనీళ్ళు మామూలు నీళ్ళంత తొందరగా గడ్డకట్టవు గదా! ఆపైన కురిసిన మంచే దానికి దుప్పటి. మంచు రేణువుల మధ్య చిక్కుకున్న గాలి వేడిని తేలికగా పోనివ్వదు. బయట సున్నకు 30 డిగ్రీలు దిగువన వున్నా, మందంగా పేరుకున్న మంచు అడుగున నేల సున్నకు కొద్ది డిగ్రీలు మాత్రమే తగ్గుతుంది. కనుక పైరుకు అసలు గండం మంచు కురిసిన ఏడు కాదు, కురవని ఏడు.

అందుచేత అక్కడ పెరట్లో ధాన్యం వేసుకునేవారు (మనవాళ్ళూ ఆ దేశాలలో ఎందరో కాపురముంటున్నారు) ముందు చూడవలసింది రుచి కాదు, ఓర్పు. అన్నిటికన్న మొండిది రై. సారంలేని ఇసుకనేలలో కూడా బతుకుతుంది. దాని తరువాత గోధుమ. ఈ రెంటినీ సంకరం చేయగా పుట్టిన ట్రిటికేల్ వాటి నడిమిది. బార్లీ సుకుమారం, ఓట్లు మరీను. నన్నడిగితే, చలి గట్టిగా వుండేచోట మొదటి ఏడు రై వేయమంటాను. బార్లీయే కావాలంటే పొట్టు అంటుకోని రకం చూసుకోవాలి. లేకుంటే దంచేవారి చేతులు పడిపోతాయి.

పది చదరపు మీటర్ల మడికి 150 గ్రాముల విత్తనం చాలు. బాగా పండితే 3 కిలోలు వస్తుంది. ఎన్ని రెట్లో మీరే లెక్క కట్టండి. నేల గడ్డకట్టడానికి ఆరు వారాల ముందు విత్తాలి. ఆలస్యమైతే వేరు పట్టదు.

ఈ విత్తనం తెచ్చి గుంటూరులో చల్లితే గడ్డి పెరుగుతుంది గాని వెన్ను రాదు! కొన్ని వారాలు చలి తగిలితేనే అది పూతకు సిద్ధమవుతుంది. 1918లో గాస్నర్ అనే జర్మను శాస్త్రజ్ఞుడు దీనిని ప్రయోగాలు చేసి చూపించాడు. మన గోధుమకు ఆ పట్టింపు లేదు. గింజలు ఫ్రిజ్‌లో దాచి అమ్మచేత చివాట్లు తినకండి.

రైతో ఒక్క చిక్కు వున్నది. ఒక్కొక్కప్పుడు వెన్నులో గింజకు బదులు నల్లని కొమ్ములాంటిది పెరుగుతుంది. అది ఎర్గాట్ అనే బూజు, విషం. మధ్యయుగాలలో ఐరోపాలో అది కలిసిన రొట్టె తిని కాళ్ళూ చేతులూ కుళ్ళి ఎందరో చనిపోయారు. మన సజ్జకు పట్టే తేనెబంక తెగులు దీని చుట్టమే. సజ్జ విత్తనాన్ని ఉప్పునీళ్ళలో పోసి, తేలినవాటిని తీసివేస్తారు. ఇంటి మడిలో పండిన రై అయితే పళ్ళెంలో పోసుకుని, పెద్దవాళ్ళు దగ్గర కూర్చుని, నల్లవన్నీ ఏరించాలి. అవి మరీ ఎక్కువగా కనిపిస్తే ఆ గింజలు పశువులకు కూడా పెట్టరాదు.