రాలే చుక్కలు చెప్పే కబురు

కొండగట్టు గుట్టల మీదుగా రాత్రివేళ చుక్క రాలితే, ఎక్కడో ఎవరో కన్నుమూశారని చెప్పుకోవడం మన పల్లెల్లో ఇప్పటికీ వింటూనే ఉంటాం. ఇంట్లో మంచంపట్టిన మనిషి ఉంటే ఆ మాట గుండెలో గుబులు పుట్టిస్తుంది. ఇస్లాంకు పూర్వం అరబ్బులలోనూ ఇలాంటి నమ్మకమే ఉండేది. ఎవరి పుట్టుక కోసమో, ఎవరి చావు కోసమో చుక్క రాలదని దైవప్రవక్త (స) తమ సహచరులకు స్పష్టం చేసిన సంగతి సహీహ్ ముస్లిం హదీసు గ్రంథంలో ఉంది.

నిజానికి రాలేది నక్షత్రం కాదు. ఇసుక రేణువంతటి ధూళికణం రోదసి నుండి సెకనుకు 11 మొదలు 72 కిలోమీటర్ల వరకు వేగంతో భూవాతావరణంలోకి దూసుకువస్తుంది. సుమారు 80 నుండి 110 కిలోమీటర్ల ఎత్తులో గాలిని ఢీకొని ఆవిరైపోతుంది. అది వచ్చిన దారి పొడవునా విద్యుదావేశం గల సన్నని వాయురేఖ మిగులుతుంది. మన కంటికి వెలుగు ఆరిపోయినా, రాడార్ పంపే రేడియో తరంగాలు ఆ రేఖను తాకి వెనుకకు మళ్లుతాయి.

ఇలాంటి రాడార్ మన తెలుగు నేలపైనే ఉంది. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో 2013 ఆగస్టులో నెలకొల్పిన ఉల్కా రాడార్ 35.25 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యంతో పనిచేస్తుంది. పగటి వెలుగు గానీ, మబ్బు గానీ దానికి అడ్డు కావు. ఆ ఎత్తున వీచే గాలికి వాయురేఖ కొట్టుకుపోతుంటే, తిరిగివచ్చే తరంగం పౌనఃపున్యం కొద్దిగా మారుతుంది. ఆ మార్పును బట్టి గాలి వేగాన్ని, దిక్కును లెక్కగడతారు. రేఖ ఎంత త్వరగా చెదిరిపోయిందో చూసి అక్కడి ఉష్ణోగ్రతను అంచనా వేస్తారు. బెలూన్లు అంత ఎత్తుకు చేరలేవు. ఉపగ్రహాలు అంత కిందికి దిగి తిరగలేవు. రాకెట్లు కొన్ని నిమిషాలలోనే దాటిపోతాయి. అందుకే మనం అపశకునమని జడిసే ఆ ధూళికణమే శాస్త్రజ్ఞులకు గాలిని కొలిచే సాధనమైంది.

భూమి సూర్యుని చుట్టూ సాగే దిశకు తెల్లవారుజామున మనం ఎదురుగా ఉంటాం. కనుక ఉల్కలు ఆ వేళలోనే ఎక్కువ. ఏటా డిసెంబరు 14 ప్రాంతంలో జెమినిడ్ ఉల్కాపాతం వస్తుంది. ఫజ్ర్ నమాజుకు కాస్త ముందుగా లేచి, పిల్లలను డాబా మీదికి తీసుకువెళ్లి ఆకాశాన్ని చూపిద్దాం. రాలుతున్నది ఏమిటో వారికి విడమరచి చెబుదాం. మరణ ఘడియ అల్లాహ్‌కే తెలుసు. దాని కబురు ధూళికణం మోసుకురాదు.